జబ్బు కాలంలో చిన్న కొట్టు ఎలా నడపాలి

కోవిడ్ వల్ల 2021 మే 5 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో కర్ఫ్యూ పెట్టారు గుర్తుందా, పొద్దున్న 6 నుంచి మధ్యాహ్నం 12 వరకే కొట్లు. అంతకుముందు రోజంతా ఒకరూ ఇద్దరుగా వచ్చే జనం ఆ ఆరు గంటల్లోనే వచ్చిపడ్డారు. నాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో కిరాణా కొట్టు. పది అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల లోతు, ముందు షట్టర్ ఒక్కటే దారి, వెనక తలుపుకి బియ్యం బస్తాలు అడ్డం. ఆ వారంలోనే నాకు ఒళ్లునొప్పులు, కొంచెం జ్వరం వచ్చాయి. ఎండలకి వచ్చిందనుకుని మాత్ర వేసుకుని రెండు రోజులు గల్లా దగ్గరే కూర్చున్నాను. మూడో రోజు ఇంగువ డబ్బా మూత తీస్తే వాసన తెలియలేదు. అప్పుడు అర్థమైంది. వారం తిరక్కుండా మా కళాసీకి, అంటే బస్తాలు మోసే మనిషికి వచ్చింది, తర్వాత వాళ్లమ్మగారికి వచ్చింది. ఆవిడ పదహారు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చారు. నా నుంచే వెళ్లిందా అంటే ఎవరూ తేల్చి చెప్పలేరు, కానీ ఆ రెండు రోజులు నేను ఇంట్లో ఉండాల్సింది.

అందుకే ఇది రాస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది, నిజమే, కానీ ఇలాంటిది ఇంకోటి రాదని ఎవరూ అనలేదు. కిరాణా, టిఫిన్ బండి, టైలరింగ్, సెలూన్, మొబైల్ రిపేరు, ఏ కొట్టయినా సరే, మళ్లీ అలాంటి రోజులు వస్తే ఏం చేయాలో నాకు తెలిసినంతలో వరసగా చెప్తాను.

దూరంగా ఉందని ఊరుకోవద్దు

2020లో మన రెండు జిల్లాలకీ జబ్బు ఆలస్యంగా వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మార్చి 25న మొదలైతే, శ్రీకాకుళంలో ఏప్రిల్ చివరి దాకా, విజయనగరంలో మే మొదటి వారం దాకా ఒక్క కేసు కూడా బయటపడలేదు. మన వైపు రాదులే అని చాలామందిమి అనుకున్నాం. మనవి వలస జిల్లాలు. గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల వేటకి వెళ్లినవాళ్లు, చెన్నైలో, హైదరాబాద్‌లో కట్టుబడి పనులకి వెళ్లినవాళ్లు ఎప్పటికైనా సొంతూరు రావాల్సిందే, అది వాళ్ల తప్పు కాదు. వాళ్లని వేలెత్తి చూపించే బదులు, జబ్బు ఇంకా ఊళ్లోకి రాని ఆ నెల రోజుల్ని కొట్టు సర్దుకోవడానికి వాడుకోవాల్సింది. కింద చెప్పేవాటిలో సగం పనులు ఆ ఖాళీలోనే అయిపోతాయి.

ముందు మూడు విషయాలు కనుక్కోండి. ఈ జబ్బు దేని ద్వారా పాకుతుంది: గాలి ద్వారానా, నీళ్ల ద్వారానా, ముట్టుకుంటేనా? సోకిన ఎన్ని రోజులకి బయటపడుతుంది? ఎవరికి ఎక్కువ ప్రమాదం? కోవిడ్ సంగతి తీసుకుంటే అది ప్రధానంగా గాలి, తుంపర్ల ద్వారా వచ్చేది, 2 నుంచి 14 రోజుల్లో లక్షణాలు బయటపడేవి, లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకి అంటించగలిగేది. అంటే బాగానే ఉన్నట్టు కనిపించే మనిషి దగ్గర కూడా జాగ్రత్త పడాలి. ఇవి కనుక్కోవడానికి ఫోన్లో తిరిగే ఆడియోలు వినకండి. 104కి ఫోన్ చేయండి, లేకపోతే మీ పీహెచ్‌సీలో డాక్టరునో, ఊళ్లో ఏఎన్ఎమ్మునో, ఆశా కార్యకర్తనో అడగండి. 2020లో మొదటి నెలల్లో మేమంతా పాల ప్యాకెట్లు, కూరగాయలు సబ్బుతో కడుక్కుంటూ కూర్చున్నాం, మూసిన కొట్టులో ఇరవై మందిని మాత్రం నిలబెట్టాం. జబ్బు ఎలా పాకుతుందో సరిగ్గా తెలియకపోతే కష్టమంతా తప్పుడు చోట పడుతుంది.

ఇక్కడి నుంచి చెప్పేదంతా గాలి ద్వారా పాకే జబ్బు గురించి.

గాలి ఆడాలి, అన్నిటికంటే ముందు ఇదే

ఒక్క పని మాత్రమే చేయగలను అంటే ఇది చేయండి. దగ్గినప్పుడే కాదు, మాట్లాడినా, గట్టిగా పిలిచినా నోట్లోంచి కంటికి కనిపించనంత సన్న తుంపర్లు వస్తాయి, గాలి కదలని చోట అవి చాలాసేపు తేలుతూ ఉంటాయి. వంటింట్లో పోపు పెడితే ఆ ఘాటు వీధి గదిలోకి వచ్చి ఎలా నిలబడుతుందో అలా అనుకోండి. కిటికీ తీస్తే పోతుంది, లేకపోతే అక్కడే ఉంటుంది.

వెనక తలుపుకి అడ్డం పెట్టిన సరుకు తీసేయండి. నేను పదకొండు బస్తాలు జరిపించాను, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక రెండు రోజులు తల పట్టుకున్నాను, చివరికి ఇంటి వసారాలో చెక్క వేసి పెట్టించాను. షట్టర్ సగం దించి అమ్మడం మానేయండి. కర్ఫ్యూ రోజుల్లో చాలామంది అలా చేశారు, దానివల్ల లోపల ఉన్నవాళ్లు ఒక పెట్టెలో కూర్చున్నట్టే.

ఆ తర్వాత ఒక పరీక్ష చేయండి. కొట్టు మధ్యలో అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూడండి. ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపుకి సాగిపోతుంటే పరవాలేదు. నిట్టనిలువుగా లేచి పైన సుడి తిరుగుతుంటే గాలి ఆడడం లేదన్నట్టు. సీలింగ్ ఫ్యాన్ వేస్తే గాలి తగులుతుంది కానీ అది ఉన్న గాలినే గిరగిరా తిప్పుతుంది, బయటికి పంపదు. నేను ఒక టేబుల్ ఫ్యాన్‌ని వెనక తలుపు దగ్గర బయటికి తిప్పి పెట్టాను, అది లోపలి గాలిని పెరట్లోకి తోసేస్తుంటే ముందు నుంచి కొత్త గాలి వస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించగలిగితే ఇంకా మంచిది. ఒకటి చూసుకోండి, ఆ ఫ్యాన్ గాలి పక్కింటి కిటికీలోకో, మీ అమ్మగారు పడుకునే మంచం మీదికో పోకూడదు.

ఏసీ ఉన్న బట్టల కొట్లు, బంగారం కొట్ల వాళ్లకి ఇది కష్టం. మన సముద్రం వైపు ఉక్కపోత ఎలాంటిదో నాకూ తెలుసు. ఏసీ వేసుకోక తప్పకపోతే తలుపు తీసే ఉంచండి, కరెంటు బిల్లు పెరుగుతుంది, అయినా తీసే ఉంచండి. సెలూన్ వాళ్లు కుర్చీ ఒకటి అరుగు మీదికి తెచ్చుకోవచ్చు. టైలర్లయితే టేపు పెట్టి కొలతలు తీసే పని తగ్గించి, ఆది జాకెట్టు తీసుకుని కుట్టండి, ముఖంలో ముఖం పెట్టి నిలబడాల్సిన పది నిమిషాలు తప్పుతాయి. టిఫిన్ సెంటర్ వాళ్లు లోపలి బల్లలు ఎత్తేసి పార్సిల్ ఒక్కటే ఇవ్వండి. తినేటప్పుడు మాస్క్ ఉండదు కదా.

గల్లా ముందు ప్లాస్టిక్ షీటు వేలాడదీయడం అప్పట్లో అందరూ చేశారు, నేనూ చేశాను. నేల నుంచి పైదాకా కట్టేసరికి వచ్చే గాలి కూడా ఆగిపోయింది. కట్టాలనుకుంటే ముఖానికి ఎదురుగా రెండు అడుగుల ముక్క చాలు.

జనం గుమిగూడకుండా చూసుకోవడం

గాలి తర్వాత ఇంకో లెక్క ఉంది: లోపల ఎంతమంది, ఎంతసేపు. పది మంది రెండు నిమిషాలు ఉండడం వేరు, పది మంది అరగంట ఉండడం వేరు. కాబట్టి ఎవరినీ లోపలికి రానివ్వకుండా గడప దగ్గర బల్ల వేసి అక్కడే అమ్మండి.

మా కొట్టు ముందు సున్నంతో గుండ్రాలు గీశాం. ఒక్కళ్లూ నిలబడలేదు. పదిన్నర ఎండలో ఎవరు నిలబడతారు? అందరూ పక్క కొట్టు రేకు నీడలో గుంపుగా చేరారు. మనుషులు నీడ ఎక్కడుంటే అక్కడే నిలబడతారు. ఆకుపచ్చ నెట్ గుడ్డ కొని పదిహేను అడుగులు ముందుకి కట్టించి, ఆ నీడలో గీతలు గీస్తే అప్పుడు నిలబడ్డారు. పెద్దవాళ్లకి రెండు ప్లాస్టిక్ కుర్చీలు కూడా వేయండి. మా నాన్నగారి కాలం నుంచి వచ్చే ఒకావిడ మొదటి రోజు నన్ను నిలదీసింది: "ఏటి బాబూ, ముప్పై ఏళ్ల నుంచి వస్తన్నాను, నన్నే బయట నిల్చోమంటావా?" అని. "లోపల గాలి లేదు పిన్నీ, అందుకే నీకోసం నీడలో కుర్చీ వేయించాను" అంటే కూర్చుంది. రూల్ అని చెప్తే మనవాళ్లకి కోపం వస్తుంది, వాళ్ల కోసం ఏం చేశామో చూపిస్తే వింటారు.

సరుకు చీటీ ముందే తెప్పించుకోండి. వాట్సాప్‌లో ఫొటో పంపేవాళ్లు పంపుతారు. పల్లెల నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి రాయడం కుదరదు, వాళ్ల కోసం నేను సాయంత్రం 5 నుంచి 7 దాకా ఫోన్ దగ్గర కూర్చుని చెప్పించుకుని రాసేవాణ్ని. మధ్యాహ్నం కొట్టు మూశాక పంచదార, కందిపప్పు, ఉప్మా రవ్వ కిలో, అరకిలో చొప్పున ముందే కట్టి పెట్టుకున్నాం, చీటీ ప్రకారం సంచుల్లో సర్ది మీద పేరు రాసేవాళ్లం. పొద్దున్న వచ్చిన మనిషి సంచి తీసుకుని, డబ్బులిచ్చి, మూడు నిమిషాల్లో వెళ్లిపోయేవాడు. అంతకుముందు అదే మనిషి పావుగంట నిలబడి, అది ఎంత ఇది ఎంత అని అడిగేవాడు. ధరలు పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాసి బయట పెట్టండి, అరుపులు తగ్గుతాయి. అరుపులు తగ్గితే తుంపర్లూ తగ్గుతాయి.

టైము కూడా పంచండి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఒకే ఆటోలో వస్తారు కాబట్టి ఊరి లెక్కన వేళ చెప్పుకోవడం మనకి బాగా కుదురుతుంది. ఒక ఊరికి 7 గంటలు, ఇంకో ఊరికి 8. మొదటి గంట మాత్రం ముసలివాళ్లకి, షుగరు, బీపీ ఉన్నవాళ్లకి, గర్భిణులకి వదిలేయండి, రాత్రంతా కొట్టులో ఎవరూ ఉండరు కాబట్టి గాలి అప్పుడు శుభ్రంగా ఉంటుంది. సంత రోజున, పైడితల్లి సిరిమాను లాంటి పండగల ముందు రద్దీ ఎలాగూ ఉంటుంది, ఆ వారం సరుకు నాలుగు రోజుల ముందే ఇచ్చేయడం మొదలుపెట్టండి.

మాస్క్

కొనేవాడు రోజుకి ఒక కొట్టువాడినే చూస్తాడు, మనం రోజుకి నూట యాభై మందిని చూస్తాం. అందుకని మంచి మాస్క్ మనకే ఎక్కువ అవసరం. ఎన్95 కానీ, ఐఎస్ 9473 గుర్తు ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 కానీ తీసుకోండి. ముందు చిన్న గుండ్రటి వాల్వు ఉన్నవి వద్దు, వాటిలోంచి మనం వదిలే గాలి వడకట్టకుండా బయటికి పోతుంది. ముక్కు దగ్గర తీగ నొక్కి, గట్టిగా ఊపిరి వదిలి చూడండి, కళ్లద్దాల మీద ఆవిరి పడితే పైన సందు ఉన్నట్టు. గడ్డం పెంచితే పక్కల సందు ఉంటుంది. ఎన్95ని ఉతకకూడదు. ఐదు కొని, ఐదు కాగితపు కవర్లలో వారాల పేర్లు రాసి పెట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి వాడుకోవచ్చు. తాడు సాగిపోయినా, తడిసినా, మాసినా పారేయండి. గుడ్డ మాస్క్ అయితే రోజూ సబ్బుతో ఉతకాలి.

మాట వినపడలేదని మాస్క్ కిందికి లాగి మాట్లాడతాం చూడండి, అసలు ప్రమాదం అప్పుడే. ఆ అలవాటు నాకు పోవడానికి నెల పట్టింది.

మాస్క్ లేకుండా వచ్చిన వాళ్లతో గొడవ పెట్టుకోకండి. గడప దగ్గర మాస్కుల డబ్బా ఒకటి పెట్టి చేతికివ్వండి. వందకి వంద మంది పెట్టుకోరు, మీరు బయట గాలిలో అమ్ముతున్నారు కాబట్టి దాని మీద గుండె పగలగొట్టుకోనక్కర్లేదు.

చేతులు, నోట్లు, ఫోను

ఇక్కడ ఎక్కువ చెప్పను. సబ్బుతో 20 సెకన్లు కడుక్కుంటే చాలు, శానిటైజర్ కొనాలంటే ఆల్కహాల్ 60 శాతానికి తగ్గకుండా ఉన్నది చూసి కొనండి. అది రాసుకున్న తడి చేతులతో దీపం వెలిగించడం, కర్పూరం ముట్టించడం, పొయ్యి దగ్గరికి వెళ్లడం చేయొద్దు, చేతులు పూర్తిగా ఆరాకే.

రెండు అలవాట్లు మాత్రం కొట్టువాళ్లందరం మానుకోవాలి. నోట్లు లెక్కపెట్టడానికి వేలికి ఉమ్మి తడి చేసుకోవడం ఒకటి, సంచి తెరుచుకోవడం లేదని నోటితో ఊదడం రెండోది. గల్లా పక్కన గిన్నెలో తడి స్పాంజి పెట్టుకుంటే రెండూ పోతాయి.

గల్లా బల్ల, కాటా, తలుపు గడియ రోజుకోసారి తుడిస్తే సరిపోతుంది. బ్లీచింగ్ పౌడర్ 10 లీటర్ల నీళ్లకి 30 గ్రాములు, కాటా మన చేతిలోనే ఉంది కాబట్టి తూచి వేయండి. గుడ్డతో తుడిచి పది నిమిషాలు ఆగి, ఇనుప వస్తువుల్ని మళ్లీ మంచినీళ్లతో తుడవండి, లేకపోతే తుప్పు పడతాయి. ఆ నీళ్లు ఏ రోజుకారోజు కలుపుకోవాలి. బ్లీచింగ్‌లో బాత్రూం కడిగే యాసిడ్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది, ఊపిరి ఆడదు. మనుషుల మీద కొట్టడం అసలు చేయకూడదు, కేంద్ర ఆరోగ్య శాఖే 2020 ఏప్రిల్‌లో వద్దని చెప్పింది.

ఫోన్ చెల్లింపులు మంచివే, కానీ ఆ కాలంలో దొంగలు కూడా ఫోన్లోకే వచ్చారు. మిలటరీ క్యాంటీన్‌కి యాభై కిలోల పప్పు కావాలి, అడ్వాన్స్ పంపిస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టారంటే మీ డబ్బు పోతుంది. కొనేవాళ్లు చూపించే స్క్రీన్ నమ్మకండి, మీ స్పీకరు చెప్పాలి, లేదా మీ ఫోన్‌కి మెసేజ్ రావాలి. మోసపోతే వెంటనే, ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయండి.

జ్వరం వచ్చిన రోజు

నేను తప్పు చేసింది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

జ్వరం వస్తే కొట్టుకి వెళ్లకూడదని అందరికీ తెలుసు. తెలిసినా ఎందుకు వెళ్తాం? నేను లేకపోతే కొట్టు మూతపడుతుందని, మూస్తే అనుమానం వచ్చి జనం మళ్లీ రారని. పనివాళ్లయితే ఆ రోజు కూలి పోతుందని. మా కళాసీ ఒళ్లు కాలిపోతుంటే వచ్చాడు. ఎందుకొచ్చావంటే "బాబూ, రేపు సరుకు బండి వస్తాది కదా, నాను రాకపోతే ఎలాగ" అన్నాడు. బండి గురించి ఆలోచించాడు, నిజమే, రోజు కూలి గురించి కూడా ఆలోచించి ఉంటాడు, ఆ మాట నాతో అనలేకపోయాడు. అది అనే పరిస్థితి నేను కల్పించలేదు.

కాబట్టి జబ్బు ఊళ్లోకి రాకముందే మీ దగ్గర పనిచేసే ఒక్కొక్కరితో కూర్చుని చెప్పండి: జ్వరం కానీ, దగ్గు కానీ వస్తే ఫోన్ చేసి ఇంట్లో ఉండు, ఆ రోజుల జీతం కోయను. చెప్పి ఊరుకోకుండా మొదటిసారి ఎవరికైనా వచ్చినప్పుడు జీతం చేతిలో పెట్టండి, మిగతావాళ్లు అది చూసే నమ్ముతారు. ఇద్దరు పనివాళ్లకి పది రోజుల జీతం పెద్ద మొత్తంలాగే అనిపిస్తుంది. ఇరవై రోజులు కొట్టు మూసుకోవడంతో పోల్చి చూసుకోండి.

రెండోది, తాళాలు. ఇంట్లో అందరూ ఒకేసారి కొట్టులో కూర్చోకండి. అన్నదమ్ములిద్దరూ ఉంటే వారం ఒకరు. ఒక్కరే అయితే, మీరు పడుకున్న రోజుల్లో తెరవడానికి బావమరిదికో, నమ్మకమైన పక్క కొట్టాయనకో ముందే చెప్పి ఉంచండి. ఆయన పడుకుంటే మీరు చూస్తారు, అలా మాట్లాడుకోండి.

మూడోది, దాచకండి. నాకు పాజిటివ్ అని తెలిశాక షట్టర్ మీద కాగితం అంటించాను, ఫలానా తేదీల్లో వచ్చినవాళ్లు జాగ్రత్తగా చూసుకోండి అని. తర్వాత తెరిచిన మొదటి నాలుగు రోజులు బోణీ కూడా సరిగ్గా కాలేదు. ఐదో రోజు నుంచి మెల్లగా వచ్చారు. కాగితం చూసి పరీక్ష చేయించుకున్నామని ఇద్దరు చెప్పారు కూడా.

ఇంట్లో ఉన్నప్పుడు పల్స్ ఆక్సీమీటర్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే చిన్న పరికరం, ఒకటి దగ్గర పెట్టుకోండి. వేలికి నెయిల్ పాలిష్, గోరింటాకు లేకుండా చూసి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని చూడాలి. కోవిడ్‌లో 94 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి, 90 దాకా పడితే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికే వెళ్లాలి. కూర్చున్నప్పుడు బాగానే ఉండి, ఆరు నిమిషాలు నడిచాక మూడు నాలుగు పాయింట్లు పడిపోయినా చూపించుకోండి. మాట్లాడుతుంటే ఆయాసం, గుండెల్లో నొప్పి, పెదాలు నీలంగా మారడం, మనిషి తికమకగా మాట్లాడడం ఉంటే అంకెలు చూస్తూ కూర్చోవద్దు. చోడి (రాగి) అంబలి, గంజి, మజ్జిగ, ఏది దిగితే అది తాగుతూ ఉండండి. ఎన్నాళ్లు విడిగా ఉండాలో అప్పటికి అమల్లో ఉన్న లెక్క 104లో చెప్తారు.

మందులు సొంతంగా వాడొద్దు. ముఖ్యంగా స్టెరాయిడ్లు. 2021లో చూశాం కదా, షుగరు ఉన్నవాళ్లలో, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్లలో బ్లాక్ ఫంగస్ ఎలా వచ్చిందో. ఇంకో మాట, ఉద్దానం వాళ్లకి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంతుందో చెప్పనక్కర్లేదు. కిడ్నీ బాగాలేనివాళ్లకి, డయాలసిస్ చేయించుకునేవాళ్లకి ఇలాంటి జబ్బులు చాలా తీవ్రంగా వస్తాయి. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు వేసుకుంటే ఉన్న కిడ్నీ కూడా దెబ్బతింటుంది, డాక్టరుకి ముందు ఆ సంగతి చెప్పండి. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే మీరు గల్లా దగ్గర కూర్చోకుండా ఇంకెవరినైనా పెట్టగలరేమో గట్టిగా ఆలోచించండి.

మన వైపు చాలా ఇళ్లు ముందు కొట్టు, వెనక ఇల్లు. మధ్య తలుపు వేసి ఉంచండి, అమ్మానాన్నల్ని కబుర్లకి గల్లా దగ్గరికి రానివ్వకండి, వాళ్లకి పెరటి వైపు మంచం వేయండి. వాళ్లకది కష్టంగానే ఉంటుంది. మా నాన్నగారు నలభై ఏళ్లు కూర్చున్న చోటు అది.

టీకా వస్తే మీరూ వేయించుకోండి, పనివాళ్లనీ పంపించండి, మర్నాడు జ్వరం రావచ్చు కాబట్టి ఆ రోజు జీతంతో సెలవివ్వండి.

డబ్బు

అద్దె, కరెంటు, జీతాలు, వడ్డీలు, ఇంటి ఖర్చు, ఇవన్నీ కలిపి నెలకి ఎంతో కాగితం మీద రాయండి. అమ్మకం ఒక్క రూపాయి లేకపోయినా పోయేది అది. మూడు నెలలది పక్కన ఉంటే ధైర్యం, ఒక నెలదైనా ముందు కూడబెట్టండి. లేకపోతే రోజువారీ వసూలు ఫైనాన్స్ దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది, వ్యాపారం సగమైన రోజుల్లో ఆ వాయిదా కట్టడం ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుసు. ఇంటి యజమానితో అద్దె సంగతి బాకీ పడ్డాక కాదు, ముందే మాట్లాడండి.

బ్యాంకు వాయిదా ఆపుకోమంటే తొందరపడొద్దు. 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా రిజర్వు బ్యాంకు మారటోరియం, అంటే వాయిదాలు ఆపుకునే వీలు ఇచ్చింది, చాలామంది వడ్డీ కూడా ఆగిందనుకున్నారు. ఆగలేదు. రెండు లక్షల అప్పు మీద 12 శాతం వడ్డీ అంటే నెలకి రెండు వేలు, ఆరు నెలలకి పన్నెండు వేలు మీద పడ్డాయి. కట్టగలిగితే కట్టేయండి, వడ్డీ అయినా కట్టండి.

అప్పట్లో తోపుడు బళ్లవాళ్లకి పీఎం స్వనిధి కింద 10 వేలు ఇచ్చారు, టైముకి కడితే తర్వాత 20 వేలు. రాష్ట్రం జగనన్న తోడు కింద వడ్డీ లేకుండా 10 వేలు ఇచ్చింది, టైలర్లకి, రజకులకి, నాయీబ్రాహ్మణులకి చేదోడు కింద ఇచ్చారు. పేర్లు మారుతుంటాయి, కానీ ప్రతిసారీ అడిగినవి అవే: ఆధార్, బ్యాంకు ఖాతా, మీరు నిజంగా ఆ వ్యాపారం చేస్తున్నారనడానికి ఒక కాగితం. ఆ కాగితం ఇప్పుడే చేయించుకోండి. చిన్న వ్యాపారాలకి ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం, ఎవరైనా వెయ్యి రూపాయలు అడిగితే ఇవ్వకండి.

బీమాలో ఒక తేడా తెలుసుకోండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కోసే సురక్ష బీమా ప్రమాదాలకే, జబ్బుతో పోతే రాదు. 436 రూపాయల జీవన్ జ్యోతి బీమా జబ్బుకి కూడా వస్తుంది, 2 లక్షలు. 18 నుంచి 50 ఏళ్ల మధ్య చేరాలి, చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదానికి తప్ప వర్తించదు, అందుకని జబ్బు ఊళ్లోకి వచ్చాక చేరితే ఆలస్యమే.

సరుకు అతిగా నింపకండి, ఎమ్మార్పీకి మించి అమ్మకండి. 2020 మార్చిలో మాస్కులు, శానిటైజర్లనే నిత్యావసరాల చట్టం కిందికి తెచ్చారు. చట్టం ఒకటే కాదు, నాలుగు నెలల తర్వాత కూడా అదే మనిషి మన గుమ్మం ముందు నిలబడాలి.

ఒక నోటుబుక్కు

2021లో మా వీధిలో ఒకాయన పోయారు. నలభై ఆరేళ్లు. అరువు ఖాతా మొత్తం ఆయన సొంత గుర్తుల్లో ఉంది: "ఎ.వా. 1200", "మేడ 640", "ఆటో 2150". ఎవరి ఆటో, ఏ మేడ, ఆయన భార్యకి తెలియలేదు. ఇవ్వాల్సినవాళ్లలో కొందరు వచ్చి ఇచ్చారు, కొందరు రాలేదు. ఆయన నుంచి డబ్బు రావాల్సినవాళ్లు మాత్రం అందరూ వచ్చారు.

ఇది చేయడానికి మహమ్మారి అక్కర్లేదు, ఈ ఆదివారమే కూర్చోండి. ఎవరు ఎంత ఇవ్వాలి, పూర్తి పేరు, ఊరు, ఫోన్ నంబరు. మనం ఎవరికి ఎంత, ఏ వడ్డీకి. చిట్టీ ఎక్కడ, ఇంకా ఎన్ని నెలలు. బ్యాంకు ఖాతాలు, బీమా కాగితాలు, లాకరు, షట్టర్ రెండో తాళం ఎక్కడుందో. ఏ హోల్‌సేల్ వాళ్లు నమ్మకస్తులో, ఎవరి దగ్గర తూకం చూసుకోవాలో కూడా రాయండి. పిన్ నంబర్లు మాత్రం అందులో రాయొద్దు.

రాశాక మీ ఇంట్లోవాళ్ల చేత చదివించండి. నేను బాగా రాశాననుకుని మా ఆవిడకి ఇస్తే, తను పెన్సిల్ తీసుకుని తొమ్మిది పేర్ల పక్కన ప్రశ్న గుర్తులు పెట్టి తిరిగిచ్చింది. ఆ తొమ్మిదీ మళ్లీ రాశాను.